కోడి కూత, గేదె అరుపు, చిలక పలుకు

సంక్రాంతికి భీమవరం వైపు వెళ్తే చెవుల నిండా కోడి కూతే. పందేల సంగతి అలా ఉంచండి, ఆ కూత పుట్టేదెక్కడ? గొంతులో కాదు! కోడికీ స్వరపేటిక ఉంది గానీ అందులో స్వరతంత్రులు లేవు. కూత పుట్టేది ఛాతీ లోపల, గాలిగొట్టం రెండుగా చీలే చోట. దానికి సిరింక్స్ అని 1872లో పేరు పెట్టింది హక్స్లీ. దాన్ని ఆడించేది పన్నెండో కపాల నరం, అంటే మనకి నాలుకని కదిపేది. పక్క పాకలో గేదె అరుపుకి మాత్రం పదోది, వేగస్.

అసలు గొంతుకీ మెదడుకీ లంకె ఉందని పాతకాలంలో చాలామంది ఒప్పుకోలేదు. మాట గుండెలోంచి వస్తుందనేవారు (మనమూ మనసులో మాటంటూ గుండె మీదే చెయ్యేసుకుంటాం కదా). రెండో శతాబ్దంలో రోములో గేలెన్ అందరి ముందూ కీచుమంటున్న పంది మెడలో సన్నటి నరాలు బిగించాడు. పంది బతికే ఉంది, గొంతు మాత్రం పోయింది.

ఆ నరం దారి చూడాలి! మెదడు కాండంలో బయల్దేరి, గొంతు దాటి ఛాతీలోకి దిగి, ఎడమవైపుదైతే బృహద్ధమని కింద మలుపు తిరిగి మళ్ళీ పైకొస్తుంది. రాజమండ్రి నుంచి ధవళేశ్వరానికి బెజవాడ మీదుగా వెళ్ళినట్టన్నమాట. చేపల మొప్పల కాలం నాటి ఏర్పాటు, ఎవరూ మార్చలేదు. (మా సాఫ్టువేరులో ఇలాంటి పాత కోడు బోలెడు.) అందుకే ఊపిరితిత్తిలో గడ్డ ఆ నరాన్ని నొక్కినా గొంతు బొంగురుపోతుంది. వారాలు గడిచినా తగ్గని బొంగురుకి మిరియాల పాలు తాగుతూ కూర్చోవడం ప్రమాదం.

ఇంతకీ మొదలెక్కడ? 1832లో బిషాఫ్ జంతువుల్లో పదకొండో నరం మూలాలు కోసి, గొంతు దానిదే అన్నాడు. క్లాడ్ బెర్నార్డ్ కూడా అటే. కాదు, వేగస్‌దే అని మిగతావాళ్ళు. ఈ తగువు దశాబ్దాలు నడిచింది. ఆ కణాలుండేది మెడుల్లాలో, చెదురుమదురుగా. ఆ కేంద్రం పేరే న్యూక్లియస్ ఆంబిగ్యువస్, సందిగ్ధమైనదని!

1958లో కైపర్స్ మనుషుల్లో మెదడు పైపొర నుంచి ఆ కేంద్రానికి నేరుగా వచ్చే తంతువులు చూపించాడు. కోతుల్లో అవి దాదాపు లేవు. చిలకల్లో మాత్రం ముందు మెదడు నుంచి పన్నెండో నరం కేంద్రానికి నేరుగా దారుందని 1981లో తేలింది. అందుకే చిలక విన్నది పలుకుతుంది. కోడికా దారి లేదు, ఎన్నేళ్ళు పెంచినా పుట్టుకతో వచ్చిన కూతే కూస్తుంది.