ఠాణాకు చేరని ఫిర్యాదు

ఏ దేశమున నేరములు ఎక్కువ, ఏ దేశమున తక్కువ అని అడుగుట సులభము. బదులు చెప్పుట కష్టము. ఒక దేశపు పోలీసు లెక్కలలో హత్యలు, దోపిడులు, దౌర్జన్యములు తక్కువగా కనబడినచో అచ్చటి జనులు శాంతముగా జీవించుచున్నారని అర్థము కావచ్చును. లేక, దెబ్బ తిన్నవాడు ఠాణా మెట్టు ఎక్కుటకు జంకుచున్నాడని కూడ అర్థము కావచ్చును. అంకె ఒక్కటే, దాని వెనుక ఉన్న బ్రతుకులు వేరు. మన దేశమున ఈ లెక్కలను ప్రకటించు జాతీయ నేర రికార్డుల బ్యూరోయే, నేరములు పెరుగుట వేరు, నేరముల నమోదు పెరుగుట వేరు అని తన నివేదికలలో హెచ్చరించుచున్నది. అందుచేతనే దేశములను పోల్చి చూచు పండితులు తక్కిన నేరములకంటె హత్యల లెక్కనే ఎక్కువగా నమ్ముదురు. శవమును దాచుట కష్టము. దెబ్బలను దాచుట సులభము.

లంచము సంగతి ఇంతకంటెను చిక్కైనది. ఇచ్చినవాడు చెప్పడు, పుచ్చుకొన్నవాడు చెప్పడు. కావున హింసను, పోలీసుల అవినీతిని గూర్చి తెలిసికొనగోరువారు అంకెలతోపాటు చరిత్రను కూడ అడుగవలెను. అందులకు మనము మొదటనే దూరదేశములకు పోనక్కరలేదు. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల గత శతాబ్ది చరిత్రతో ఆరంభించి, పిమ్మట ఇతర దేశముల వంక చూతము.

పంతొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు నిజాము రాజ్యమున పోలీసు శాఖ అనదగినది గట్టిగా లేదు. అప్పులిచ్చిన అరబ్బు, రొహిల్లా జమాదారులు బాకీదారులను తామే పట్టి తెచ్చి తమ ఇండ్లలో బంధించు ఆచారముండెను. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలారుజంగు ఈ అవ్యవస్థను అణచుటకు పూనుకొనెను. 1865లో జిల్లాబందీ ఏర్పడినది. క్రమముగా జిల్లాకు ఒక మొహతమీము, ఠాణాకు ఒక అమీను, అమీను క్రింద జవానులు వచ్చిరి. కాగితము మీద చూచినచో అది ఆనాటికి చక్కని ఏర్పాటే.

అయితే సర్కారు ఠాణా దగ్గరనే ఆగిపోయెను. గ్రామమున పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అను ముగ్గురే సర్కారు. ఈ మూడును వతను పదవులు. తండ్రి నుండి కొడుకునకు సంక్రమించునవి. ఊరిలో హత్య జరిగినను, దొంగతనము జరిగినను ఠాణాకు తెలుపవలసినవాడు పోలీసు పటేలు. పంచనామాకు పంచులను పిలుచువాడును ఆయనయే. అమీను గ్రామమునకు వచ్చినచో విడిది, భోజనము, గుర్రమునకు గడ్డి ఏర్పాటు చేయువాడును ఆయనయే. ఆ ఖర్చు పటేలు సంచిలో నుండి పోలేదు. గొల్లవాడు మేకను, కుమ్మరి కుండలను, తక్కిన వృత్తులవారు తమ రెక్కల కష్టమును ఊరకయే ఇచ్చుకొనవలసియుండెను. దానికి వెట్టి అని పేరు. చేతికి చేయి మార్చు రొక్కమునకు మామూలు అని పేరు. ఆ పేర్లలోనే ఆనాటి స్థితి అంతయు ఉన్నది: అది తప్పు అని ఎవరికిని తోచని స్థితికి చేరినది.

ఇక ఆ పటేలు ఎవరి మనిషి? అనేక గ్రామములలో దేశముఖు కుటుంబమువాడో, దేశముఖు చేతి క్రిందివాడో. కొన్ని చోట్ల దేశముఖే ఈ వతనులను తన చేతిలో ఉంచుకొనెను. పూర్వము శిస్తు వసూలు చేసిన ఈ దేశముఖులకు, సాలారుజంగు సంస్కరణల పిమ్మట ఆ పని పోయినను రుసుము మిగిలినది, భూమి మిగిలినది, గడి మిగిలినది. సూర్యాపేట తాలూకాకు చెందిన జన్నారెడ్డి ప్రతాపరెడ్డి క్రింద లక్షన్నర ఎకరములు, విసునూరు దేశముఖు క్రింద నలువది వేల ఎకరములు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క వ్రాసియున్నారు. భూమి ఎవరిదో వ్రాయు కలము, నేరము జరిగినదో లేదో చెప్పు నోరు, కొట్టు చేయి, ఈ మూడును ఒకే గడపలో చేరిన తరువాత ఠాణా పుస్తకము ఖాళీగా ఉండుటలో వింత ఏమున్నది?

ఈ సందర్భమున కామారెడ్డిగూడెము నివాసి బందగీ కథ చెప్పవలసియున్నది. ఆయన చిన్న రైతు. తన భూమిని గూర్చి విసునూరు దేశముఖు పక్షముతో వివాదము వచ్చినప్పుడు ఆయన కత్తి పట్టలేదు, కచేరీకి పోయెను. ఏండ్ల తరబడి వ్యాజ్యమాడెను, గెలిచెను. గెలిచినందులకే 1940 ప్రాంతమున ఆయనను దారి కాచి చంపిరి. న్యాయస్థానము ఆయనకు భూమి ఉన్నదని చెప్పగలిగెను గాని, ఆ తీర్పు కాగితముతో ఊరికి నడచుకొని వచ్చు దారిని కాపాడలేకపోయెను. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు వ్రాసిన ‘మా భూమి’ నాటకమునకు ఈ కథయే ప్రేరణమైనది. ఎందరో ఏమీ అడుగక దెబ్బలు తిన్నారు. వారి పేర్లు మనకు తెలియవు. బందగీ చట్టమును నమ్మి అడిగెను గనుక ఆయన పేరు మిగిలినది.

తరువాతి సంగతులు శ్రోతలకు కొంత తెలిసినవే. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘమువారు, మాడపాటి హనుమంతరావు మొదలగు పెద్దలు, వెట్టిచాకిరిని వ్రాతమూలకముగా ఖండించిరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలములోని పంటను దొర మనుష్యులకు దక్కనీయలేదు. 1946 జూలై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో, ఊరేగింపుగా వచ్చుచున్న జనుల మీద దొర పక్షమువారు కాల్పులు జరిపిరి; దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. పోలీసులు వచ్చినది తమకొరకు కాదని, గడిలోనివారి కొరకేనని జనులు తలచిరి. అటుపిమ్మట 1951 అక్టోబరు వరకు సాగిన సాయుధ పోరాటమున, రజాకార్ల దౌర్జన్యములలో, 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాడును ఆ తరువాతను, ఎన్ని ప్రాణములు పోయినవో! పారిపోయిన దొరలు కొందరు పోలీసుల వెంట తిరిగి గ్రామములకు వచ్చిరి. రక్తము ఒక్క వైపుననే చిందలేదు. బీదవాని ఫిర్యాదును వ్రాసికొను పుస్తకము లేనిచోట ప్రతివాడును తన తీర్పును తానే వ్రాసికొనును. సిరాతో మాత్రము వ్రాయడు.

అట్లని ఆ రాజ్యపు పోలీసులందరును దుష్టులని మేము చెప్పబోము. మహబూబునగరు జిల్లా వనపర్తి ప్రాంతమున రాయణిపేటలో 1869లో పుట్టిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డి, అమీను పదవితో ఆరంభించి 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యెను. 1934 వరకు పదునాలుగేండ్లు ఆ పదవిలో ఉండి హిందువుల చేతను, ముస్లిముల చేతను మన్నన పొందెను. 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహమును స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన జీవితచరిత్రమును సురవరము ప్రతాపరెడ్డి 1939లో వెలువరించిరి. కాని రాజధానిలో అట్టి కొత్వాలు పేరు మారుమ్రోగుచుండిన కాలముననే నల్లగొండ పల్లెలలో వెట్టి సాగుచుండెను. ఒక మంచి అధికారి తన చేయి అందినంత మేర మంచి చేయగలడు. ఆ చేయి అందని చోట పని చేయవలసినది వ్యవస్థ.

ఇది నిజాము రాజ్యమునకు మాత్రమే పట్టిన పీడయా? నల్లగొండ జిల్లాకు దక్షిణపు ఎల్ల కృష్ణానది. ఆవలి గట్టు ఆనాడు మద్రాసు రాజధాని, ఆంగ్లేయుల పాలన. అచ్చట రైతులను ఎండలో నిలబెట్టుట, వంచి కట్టుట మొదలగు చిత్రహింసలు జరుగుచున్నవని ఫిర్యాదులు రాగా ఒక విచారణ సంఘమును నియమించిరి. 1855లో దాని నివేదిక వెలువడినది. ఫిర్యాదులు చాలవరకు నిజమేనని తేలినది. శిస్తు వసూలు చేయువాడును, నేరస్థుని పట్టువాడును ఒక్కడే అగుట దీనికి ఒక ముఖ్య కారణమని గుర్తించిరి. 1859లో మద్రాసు ప్రభుత్వము పోలీసును రెవెన్యూ నుండి వేరు చేసెను. 1861లో పోలీసు చట్టము వచ్చెను. అయినను 1902–03లో పనిచేసిన పోలీసు కమిషను, ప్రజలు ఈ శాఖను లంచగొండిగాను, పీడించునదిగాను చూచుచున్నారని ఒప్పుకొనవలసివచ్చెను. పనిని విడదీసిరి గాని, పోలీసు ప్రజలకు జవాబుదారి కాలేదు, పాలకులకే జవాబుదారి.

లండను నగరమును చూతము. పదునెనిమిదవ శతాబ్దిలో అచ్చట దొంగను పట్టి ఇచ్చినవానికి బహుమానము దొరకుచుండెను. ఈ పద్ధతిలో పేరు పొందినవాడు జోనాథన్ వైల్డ్. పగలు దొంగలను పట్టించువాడు, రాత్రి దొంగల ముఠాకు నాయకుడు. పోయిన సొత్తును తానే తెచ్చి ఇచ్చి రుసుము పుచ్చుకొనెడివాడు. 1725లో వానిని ఉరి తీసిరి. నూరేండ్ల తరువాత, 1829లో, రాబర్టు పీలు జీతముగల పోలీసు దళమును ఏర్పరచెను. బహుమానముతో బ్రతుకువానికి దొంగ ఉండుట అవసరము. జీతముతో బ్రతుకువానికి ఆ అవసరము లేదు. అంతటితో లండను పోలీసు పవిత్రమైపోలేదు. 1877లో గూఢచారి శాఖలోని ఉన్నతోద్యోగులు కొందరు మోసగాండ్రతో చేయి కలిపినందులకు శిక్షలు పొందగా, మరుసటి ఏడు ఆ శాఖను మరల కట్టవలసివచ్చెను.

మన గడికి అన్నిటికంటె దగ్గరి పోలిక ఇటలీ దక్షిణమున ఉన్న సిసిలీ ద్వీపమున దొరకును. అచ్చటి భూస్వాములు పట్టణములలో నివసించుచు, భూములను గుత్తకిచ్చెడివారు. గుత్తదారులు గుర్రములెక్కిన తుపాకి కాపలాదారులను పెట్టుకొని రైతులను అదుపులో ఉంచిరి. 1812లో శాసనము చేత పాత ప్రభు హక్కులు రద్దయ్యెను. కాపలాదారులు మాత్రము రద్దు కాలేదు. 1876లో ఆ ద్వీపమున తిరిగి పరిశీలించిన ఫ్రాంకెట్టి, అచ్చట హింస ఒక పరిశ్రమగా మారినదని వ్రాసెను. ఆ పరిశ్రమ పేరే మాఫియా. సాక్షి నోరు విప్పడు. ఠాణా పుస్తకమున ఏమియు ఎక్కదు. తెలంగాణమున కాపలాదారుడు దొరకు నౌకరుగా మిగిలిపోయెను. సిసిలీలో అతడే దొర అయ్యెను. 1986లో పలెర్మో నగరమున ఆరంభమైన మహా విచారణలో మూడు వందలకు పైగా నిందితులకు శిక్షలు పడినవి. దానికి పునాది వేసిన న్యాయాధికారులు ఫాల్కోనె, బోర్సెల్లీనో ఇరువురును 1992లో బాంబులకు బలియైరి. చట్టమును పల్లె దాక తీసికొనిపోవుటలో ఆలస్యమైన కొలది దానికి చెల్లించు మూల్యము ఎంత పెరుగునో సిసిలీ చెప్పుచున్నది.

మరి ఒక దారిని హాంకాంగు చూపినది. అచ్చట పోలీసు ఠాణాలలో వసూళ్లకు నెలవారీ పద్దులుండెడివి. 1973లో పీటర్ గాడ్బర్ అను ఉన్నత పోలీసు అధికారి, లెక్క చెప్పలేని ధనమును కూడబెట్టి, విచారణ నడుచుచుండగనే దేశము విడిచి పారిపోయెను. జనులు వీధులలోనికి వచ్చిరి. 1974 ఫిబ్రవరిలో, పోలీసు శాఖతో సంబంధము లేక, నేరుగా గవర్నరునకే జవాబు చెప్పు అవినీతి నిరోధక కమిషను ఏర్పడినది. గాడ్బరును వెనుకకు రప్పించి 1975లో నాలుగేండ్ల శిక్ష వేసిరి. అవినీతి అచ్చటి రక్తములో ఉన్నదని అంతకు ముందు పలుకుచుండినవారు తమ మాట మార్చుకొనవలసివచ్చెను. కాపలాదారునకు కాపలా వేరుగా ఉండవలెనని తేలినది.

ఈ దేశములను పోల్చి చూడగా, ఏ జాతియు పుట్టుకతో క్రూరము కాదు, ఏ పోలీసును పుట్టుకతో లంచగొండి కాడు అని మాకు తోచుచున్నది. తేడా మూడు ప్రశ్నలలో ఉన్నది. రక్షకభటునకు తిండి పెట్టువారెవరు? అతని తప్పును చూచువారెవరు? బీదవాని మాటను వ్రాసికొనువారెవరు? లండను మొదటి ప్రశ్నకు, హాంకాంగు రెండవ ప్రశ్నకు కొంత మేలైన సమాధానము కనుగొనినవి. మన పల్లెలను కుదిపినది మూడవ ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము మెల్లగా వచ్చుచున్నది. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1984లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను తొలగించెను. 2006లో సుప్రీము కోర్టు పోలీసుల మీది ఫిర్యాదులను వినుటకు ప్రత్యేక సంస్థలను ఏర్పరుపుమని రాష్ట్రములను ఆదేశించెను. 2013 నవంబరు 12న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పట్టి నేరమును తెలుపు ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని నమోదు చేయుట పోలీసుల విధి అని, అది వారి ఇష్టము కాదని తీర్పు చెప్పెను. 2024 జూలై నుండి అమలులోనున్న కొత్త చట్టము ప్రకారము, నేరము ఏ ఠాణా హద్దులో జరిగినను మరియొక ఠాణాలో ఫిర్యాదు ఇయ్యవచ్చును.

బందగీ నాడు ఈ చట్టములు లేవు. నేడు ఉన్నవి, కాని కాగితము మీది చట్టము తానై నడచి పల్లెకు పోదు. ఏ ఏడైనను మన జిల్లాలో నేరముల సంఖ్య పెరిగినదని పత్రికలో చదివినప్పుడు శ్రోతలు వెంటనే భయపడవలదు; తగ్గినదని చదివినప్పుడు వెంటనే సంతోషింపను వలదు. ఊరిలో అందరికంటె బీదవాడు, అందరికంటె బలవంతుని మీద ఫిర్యాదు వ్రాయించి, ఆ రాత్రి తన ఇంటికి క్షేమముగా చేరెనా అని ముందుగా విచారింపవలెను. చేరెనన్నచో ఆ లెక్కను నమ్మవచ్చును.