లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్

లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఆర్కాన్సా రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్ నగరంలో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల. దీని భవనం 1927లో నిర్మించబడింది.

చరిత్ర

జాతిని బట్టి వేర్వేరు ప్రభుత్వ పాఠశాలలు నడపడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1957 సెప్టెంబరులో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు ఇక్కడ చేరబోగా, గవర్నరు ఆర్వల్ ఫాబస్ నేషనల్ గార్డు దళంతో అడ్డగించాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన సైనికుల రక్షణలో సెప్టెంబరు 25న వారు తరగతులకు వెళ్ళారు. ఆ తొమ్మిదిమంది "లిటిల్ రాక్ నైన్"గా ప్రసిద్ధులు. సమైక్య విద్యను ఆపడానికి గవర్నరు 1958-59లో నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలన్నిటినీ మూసివేయించాడు. తత్ఫలితంగా ఇరుజాతుల పిల్లలూ చదువు నష్టపోయారు. 1998లో ఇది జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించబడింది. నేటికీ ఇక్కడ తరగతులు జరుగుతున్నాయి.

క్రీడలు

పాఠశాల జట్లకు "టైగర్స్" అని పేరు. 1957లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓటమి లేకుండా నిలిచింది. పాఠశాల మూతపడిన మరుసటి సంవత్సరం కూడా, తరగతులు లేకపోయినా ఫుట్‌బాల్ పోటీలు మాత్రం ఆగలేదు.

పూర్వ విద్యార్థులు

* ఎర్నెస్ట్ గ్రీన్ - తొమ్మిదిమందిలో ఒకడు. 1958లో ఇక్కడ ఉత్తీర్ణుడైన తొలి నల్లజాతి విద్యార్థి.
* కార్లొటా వాల్స్, జెఫర్సన్ థామస్ - తొమ్మిదిమందిలోని వారే. పాఠశాల తిరిగి తెరచిన పిమ్మట చేరి, 1960లో చదువు పూర్తిచేశారు.
* బ్రూక్స్ రాబిన్సన్ (1937-2023) - సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు. 1955లో ఉత్తీర్ణుడయ్యాడు.