ఎన్నికల మాట, యుద్ధపు బాట

1916 నవంబరు 7వ తేదీన అమెరికాలో అధ్యక్షుని ఎన్నిక జరిగెను. ఐరోపాలో మహాసంగ్రామము అప్పటికి మూడవ యేట నడచుచుండెను. ఉడ్రో విల్సను రెండవ పర్యాయము అభ్యర్థిగా నిలిచెను. దేశమును యుద్ధమున దింపని మహానుభావుడని ఆయన పక్షమువారు ఊరూర చాటిరి. బిడ్డలను పోరునకు పంప నొల్లని తల్లిదండ్రులకు ఆ మాట అభయహస్తమైనది. పోటీ మిక్కిలి తీవ్రము. కాలిఫోర్నియాలో నాలుగువేలకు లోబడిన ఆధిక్యము ఆయనను గట్టెక్కించెను.

ఆ నినాదము విల్సను కల్పించినది కాదు. జర్మను సైనికోద్యోగి యెవడైనను ఒక్క దుశ్చర్యతో దేశమును యుద్ధములోనికి లాగగలడని ఆయన చెప్పినట్లు నౌకాదళ మంత్రి డేనియల్సు తరువాత వ్రాసెను. ఆ శంకను ప్రచారము నడుచు దినములలో ప్రజలకు విప్పి చెప్పి యుండిన ఎంత బాగుండెడిది!

1917 జనవరి 22న సెనేటులో ఆయన జయాపజయములు లేని శాంతిని బోధించెను. ఫిబ్రవరి 1 నుండి జర్మనీ జలాంతర్గాములు తటస్థ నౌకలను సైతము ముంచసాగెను. మెక్సికోను అమెరికాపై పురికొల్పు జర్మను రహస్యపు తంతి బయటపడెను. ఏప్రిల్ 2న, శాంతి ప్రసంగమునకు సరిగా డెబ్బదవ నాడు, విల్సను యుద్ధమునకు అనుమతి కోరెను. ప్రజాస్వామ్య రక్షణమే లక్ష్యమని చెప్పెను. సెనేటులో ఆరుగురు, ప్రతినిధి సభలో ఏబదిమంది వలదనిరి. వారిలో ఒకరు కాంగ్రెసున అడుగిడిన తొలి మహిళ జెన్నెట్ రాంకిన్.

పరిస్థితులు మారినవి, నిజమే. కాని పిమ్మట జరిగిన దానిని అంత సులభముగ సమర్థింపజాలము. మే నెలలో నిర్బంధ సైనికసేవ, జూన్‌లో గూఢచర్య శాసనము వచ్చినవి. 1918 జూన్‌లో యుద్ధమును ఖండించుచు ప్రసంగించినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్సునకు పదేండ్ల శిక్ష పడెను. యుద్ధము ముగిసిన పిదప కూడ విల్సను ఆయనను క్షమింపలేదు. 1920లో చెరసాలనుండియే పోటీచేసిన డెబ్సునకు తొమ్మిది లక్షలకు పైగా వోట్లు వచ్చెను. 1921లో తరువాతి అధ్యక్షుడు హార్డింగు ఆయనను విడిపించెను. యుద్ధము వలదను మాట 1916లో వోట్లు తెచ్చెను. 1918లో సంకెళ్లు తెచ్చెను.

ఆశాభంగము అమెరికన్లకే పరిమితము కాలేదు. నాడు ఆంధ్ర జిల్లాలు చెన్నరాజధానిలో నుండెను. ఆ చెన్నపట్టణమునుండి, హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్రహ్మణ్యయ్యరు 1917లో విల్సనునకు లేఖ వ్రాసి భారత స్వపరిపాలనకు తోడ్పడుమని అర్థించెను. ప్రభుత్వము ఆగ్రహించగా ఆ వృద్ధుడు తన బిరుదులనే త్యజించెను. 1919లో పారిస్ సభలో చిన్న జాతుల స్వయంనిర్ణయము ఐరోపాను దాటి మన దాకా రాలేదు.

నాయకుడు నిర్ణయము మార్చుకొనుట ఎల్లప్పుడు దోషము కాదు. తానెరిగిన ప్రమాదమును ఎన్నికకు ముందు దాచుట, ఎన్నిక పిదప ప్రశ్నించువారిని శిక్షించుట, ఇవి దోషములు. నాడు ఆ ప్రసంగములను జనులు పత్రికలలో చదివిరి. నేడు నాయకుల కంఠము మన యింటనే వినబడుచున్నది. వారు చెప్పినదానితోబాటు చెప్పక విడిచినదానిని గూడ చెవియొగ్గి వినుట మన విధి.