పత్రికలో అచ్చయిన ప్రోగ్రాములు

1984 జనవరిలో అమెరికాలో వెలువడిన 'కంప్యూట్స్ గెజెట్' సంచికలో స్పీడ్‌స్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్ మొత్తం అచ్చయింది. అచ్చయింది దాని మీద వ్యాసం ఒక్కటే కాదు, ప్రోగ్రామే, పేజీల కొద్దీ అంకెల వరసలుగా. రాసింది చార్లెస్ బ్రానన్. ఇంట్లో కమొడోర్ 64 కంప్యూటర్ ఉన్నవాళ్లు పత్రికను పక్కన పెట్టుకుని ఆ అంకెలన్నీ కొట్టి క్యాసెట్‌లోనో ఫ్లాపీలోనో దాచుకుంటే చాలు, దుకాణంలో కొనాల్సిన సరుకు పత్రిక ధరకే చేతికొచ్చేది.

అయితే ఒక్క అంకె తప్పినా కంప్యూటర్ బిగుసుకుపోవచ్చు. అందుకని ఆ పత్రికవాళ్లే 1983లో ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ అనే చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. బేసిక్ భాషలో ఒక్కో లైను కొట్టి రిటర్న్ నొక్కగానే తెర మీద ఒక సంఖ్య, అంటే చెక్‌సమ్, వస్తుంది. పత్రికలో ఆ లైనుకు వేసిన సంఖ్యతో కలిస్తే ముందుకు, కలవకపోతే మళ్లీ మొదటి అక్షరం నుంచి చూసుకోవాలి. అంకెలతోనే నిండిన మెషిన్ కోడ్‌కు ఎంఎల్ఎక్స్ అని వేరే ప్రోగ్రాం ఉండేది.

నేను ప్రోగ్రామింగ్ చెప్పే మాస్టారిని. చెక్‌సమ్ పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి ఈ పేజీలే ప్రొజెక్టర్ మీద చూపిస్తాను. దాని అవసరం ఎందుకొచ్చిందో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఈ సంస్థ పాత తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లకు పరిచయమే. అక్కడే కంప్యూటర్ పత్రికలకూ పెద్ద విభాగం ఉంది. న్యూ హాంప్‌షైర్‌లోని పీటర్‌బరో అనే చిన్న ఊరి నుంచి 1975 సెప్టెంబరులో మొదలై 1998 దాకా నడిచిన 'బైట్' ఉంది. రాబర్ట్ టిన్నీ గీసిన ముఖచిత్రాల కోసమైనా తిరగేయాల్సిన పత్రిక అది. ఇంగ్లండులోని లడ్లో నుంచి 1984లో మొదలైన 'క్రాష్' మీద నాకు మరీ ఇష్టం. జడ్ఎక్స్ స్పెక్ట్రం అనే ఇంటి కంప్యూటర్ ఆటల పత్రిక అది. సమీక్షల కోసం ఆ ఊరి బడిపిల్లలనే పిలిచి ఆడించేవారు. ఆట బాగాలేదని పిల్లలు చెబితే అదే అచ్చయ్యేది.

నేను వ్యాసాల కంటే ముందు ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, సవరణలు చూస్తాను. ఏ మెషిన్ ఎంతకు అమ్మారో, ఏ లైనులో అచ్చుతప్పు పడిందో తరవాత వచ్చిన చరిత్ర పుస్తకాల్లో దొరకవు. ఆ మాటకొస్తే ముఖచిత్రాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. 1975 జనవరి 'పాప్యులర్ ఎలక్ట్రానిక్స్' మీద కనిపించే ఆల్టెయిర్ కంప్యూటర్ ఖాళీ డబ్బా. అసలు నమూనా రవాణాలో పోయింది. ఆ సంచిక చూసే పాల్ అలెన్, బిల్ గేట్స్ ఆ కంప్యూటర్‌కు బేసిక్ రాయడానికి పూనుకున్నారు. వరల్డ్ రేడియో హిస్టరీ అనే సైటులో ఆ పత్రిక స్కాన్లు ఉచితంగా చదవచ్చు.

ఈ స్కాన్లలో చాలావాటి వెనక ఉన్నది పెద్ద గ్రంథాలయాలు కాదు, అభిమానులు. పిన్నులు పీకి, వీపు కోసి, ఒక్కో కాగితం స్కానర్ మీద పరిచినవాళ్లు. హక్కుల తగాదా మాత్రం తెగలేదు. ఆర్కైవ్‌లో ఉన్న 'నింటెండో పవర్' పత్రిక సంచికల్ని 2016లో నింటెండో కంపెనీ తీయించేసింది. కంపెనీకి చట్టం తోడుండవచ్చు, చదువరికి మాత్రం అది నష్టమే. మరోవైపు, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2025 జనవరిలో తన డిజిటల్ లైబ్రరీ తెరిచింది. ముద్రణ ఆగిపోయిన 1,500కు పైగా ఆటల పత్రికల సంచికల్లో ఏ మాట కావాలన్నా వెతుక్కోవచ్చు.

ఇక మన దేశం సంగతి. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ చదువు పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 1986లో డెసిబెల్స్ సంస్థ ఇక్కడే స్పెక్ట్రం ప్లస్ అమ్మింది. 1982 నుంచి 'డేటాక్వెస్ట్', 1987 నుంచి 'పీసీ క్వెస్ట్' పత్రికలు వచ్చాయి. డయలప్ మీద లినక్స్ దించుకోవడం అయ్యేపని కాని రోజుల్లో 'పీసీ క్వెస్ట్' దాన్ని సీడీలో పెట్టి పత్రికతో ఇచ్చింది. తరవాత తెలుగులో 'కంప్యూటర్ ఎరా' వచ్చింది. వీటి పాత సంచికలు, 'బైట్' దొరికినట్టు వరసగా నాకెక్కడా దొరకలేదు.

మీ అటక మీద అవి ఉంటే పాత పేపర్ల బండికి వేయకండి. ప్రకటనల పేజీలతో సహా స్కాన్ చేయించండి. సంచిక నెల, సంవత్సరం ఫైలు పేరులోనే రాయండి. లోపల సీడీ ఉంటే ముందు దాన్ని కాపీ చేయండి, కాగితం కంటే సీడీలే తొందరగా పాడవుతున్నాయి.