వజ్రకరూరు నేల: లోభం, మైత్రి, రహస్యం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండే ఈ సీమలో తొలకరి రెండు పనులకు నాంది. ఒకటి వేరుసెనగ విత్తు. రెండవది వజ్రకరూరు పరిసరాలలో వజ్రాల వెదుకులాట. అక్కడి కింబర్లైట్ శిలలు యుగాలుగా శిథిలమై మట్టిలో కలిశాయి. వానకు పైమట్టి కొట్టుకుపోతే రాయి బయటపడుతుందన్న ఆశతో బంధుమిత్రులు జట్లుగా చేలలో వెదకుతారు. జట్టుగా వెదకినా రాయి కనబడేది ఒక్కరి కంటికే. మైత్రికి పరీక్ష ఆ క్షణంలోనే మొదలవుతుంది.

వజ్రం చుట్టూ రహస్యం అల్లుకోవడానికి చారిత్రక కారణం ఉంది. విజయనగర రాజ్యంలో 20 మంగెలిన్ల బరువు మించిన వజ్రాలు రాజు ఖజానాకు చెందవలెనన్న నియమాన్ని 16వ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ నమోదు చేశాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కూలీలు రాళ్లను మింగి దాచేవారని, ఒకడు కంటి కొసలో దాచి పట్టుబడ్డాడని వ్రాశాడు. బేరగాండ్రు వస్త్రం కింద చేతివ్రేళ్లతో, నోరు విప్పకుండా, ధర తేల్చుకొనేవారని కూడా ఆయనే చెప్పాడు. అధికారం పెద్దరాయిని కోరితే దొరికినవాడు మౌనాన్ని ఆశ్రయిస్తాడు.

ఈ మౌనం స్నేహితుల మధ్యకు వస్తే ఏమవుతుందో పంచతంత్రంలోని మిత్రభేదం ముందే చూపింది. ధర్మబుద్ధి, పాపబుద్ధి తాము గడించిన ధనాన్ని చెట్టు కింద పాతిపెడతారు. పాపబుద్ధి దానిని రహస్యంగా తవ్వుకొని, నేరాన్ని మిత్రునిపై మోపుతాడు. వృక్షదేవతయే సాక్షి అంటూ తన తండ్రిని చెట్టుతొర్రలో కూర్చోబెడతాడు. ధర్మబుద్ధి తొర్రకు నిప్పు పెట్టగా ‘దేవత’ కాలిన ఒంటితో కేకలు వేస్తూ బయటపడుతుంది. నేటి నేరకథా చిత్రాలు ఆశ్రయించే విషాదహాస్యానికి ఇది ప్రాచీన రూపం: నవ్వు పుట్టించే పన్నాగమే ప్రాణం తీస్తుంది. వేదబ్భ జాతకం మరింత కఠోరం. ధనం కోసం దొంగలు ఒకరినొకరు చంపుకోగా చివరికి ఇద్దరు మిగులుతారు. ఒకడు అన్నంలో విషం కలిపి తెస్తాడు. రెండవవాడు అతనిని కత్తితో నరికి, ఆ అన్నమే తిని మరణిస్తాడు. ధనం మిగిలింది, పంచుకొనేవారు మిగలలేదు.

టావెర్నియే చూసిన బేరంలోని మౌనం ఇరుపక్షాలూ అంగీకరించినది. పాపబుద్ధి మౌనం ఒక్కడిదే. అందుచేత మైత్రిని చెరిపేది ధనం కాదు, ఒకరు మరొకరికి తెలియకుండా దాచుకొన్న విషయం. కరవుసీమలో ఒక్క రాయి ఒక కుటుంబపు అప్పు తీర్చగలదు. కనుక అక్కడి ఆశను లోభమని తేలికగా కొట్టివేయరాదు. అవసరం లోభంగా మారేది రాయి చేతికి చిక్కినప్పుడు కాదు, చిక్కిన సంగతిని పక్కనున్న మిత్రునికి చెప్పకుండా పిడికిలి మూసినప్పుడు.