సీసపు పలకలు, సరుకుల ధరలు

ఉత్తర అమెరికాలో ఫ్రెంచి ఏలుబడి గురించి రాసేవాళ్లు 1749 నాటి సెలొరాన్ యాత్రను ఒక విడ్డూరంగా చెప్పి దాటేస్తుంటారు. ఒక సైనికాధికారి ఒహైయో నది పొడవునా సీసపు పలకలు పాతాడు, ఐదేళ్లకు యుద్ధం వచ్చింది, చివరికి ఆ నేల ఇంగ్లీషువారి పాలైంది. ఈ కథనంలో ఆ లోయలో కాపురమున్న జనం కనిపించరు. యాత్ర ఫలితాన్ని తేల్చింది వాళ్లేనని నా అభిప్రాయం.

పూర్వరంగం తెలిసిందే. 17వ శతాబ్దిలో ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ తిరిగాడు కాబట్టి లోయ తమదని ఫ్రెంచివారి వాదన. 1748 నాటి ఎక్స్-లా-షపెల్ సంధి మన మద్రాసును ఇంగ్లీషువారికి, లూయీబూర్ కోటను ఫ్రెంచివారికి తిరిగి ఇప్పించింది గాని ఒహైయో తగవు జోలికి పోలేదు. దాంతో కెనడా గవర్నర్ లా గాలిసోన్యేర్ సెలొరాన్‌ను పంపాడు. జూన్ 15న కెనడాలోని లాషీన్ నుంచి 23 పడవల్లో రెండొందల మందికి పైగా బయల్దేరారు. పలకల మీద రాజుగారి హక్కును ముందే చెక్కించి, చోటు పేరుకూ తేదీకీ ఖాళీ వదిలారు. పాతేచోట ఆ ఖాళీలు నింపేవారు.

అసలు సంగతి ధరల్లో ఉంది. 1744లో మొదలై ఆ సంధితో ముగిసిన యుద్ధంలో ఇంగ్లీషు నౌకాదళం సముద్రమార్గాలను అడ్డగించడంతో ఫ్రెంచి సరుకు కరువైంది, ఉన్నదాని ధర మండిపోయింది. తుపాకి మందు, బట్ట, వంటపాత్రలు పెన్సిల్వేనియా వర్తకుల దగ్గర చవకగా దొరికాయి. మయామీ జాతి నాయకుడు మెమెస్కియా తన వాళ్లతో లోయలోని పికవిలనీకి తరలిపోయి ఆ వర్తకులకు తలుపు తెరిచాడు. సెలొరాన్ సెప్టెంబరులో అక్కడికి చేరి, కానుకలిచ్చి, పాత ఊరికి తిరిగి రమ్మని బతిమాలాడు. వసంతంలో వస్తామన్నారు. రాలేదు. అక్కడి జాతులకు ఫ్రెంచివారంటే గిట్టదని, ఇంగ్లీషువారి ధరకు ఫ్రెంచి వర్తకులు అమ్మలేరని సెలొరానే తన దినచర్య చివర రాసుకున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే ధరే సర్వస్వమనడం కూడా తప్పే. 1752 జూన్‌లో ఫ్రెంచివారి పక్షాన లాంగ్లాడ్ వెంట వచ్చిన ఒడావా, ఒజిబ్వే యోధులు పికవిలనీని ధ్వంసం చేసి మెమెస్కియాను చంపాక, మయామీలు మళ్లీ ఫ్రెంచి వైపు మొగ్గారు. భయానికీ బలం ఉంది. కానీ ఆ బలం కూడా స్థానిక జాతులదే, ఫ్రెంచి పటాలాలది కాదు.

1798లో మస్కింగమ్ నది ఒడ్డున ఈతకొచ్చిన కుర్రాళ్లకు సెలొరాన్ పాతిన ఒక పలక దొరికితే, కొంత కరిగించి తూటాలు పోసుకున్నారు. మిగిలిన ముక్కను భద్రపరిచారు. నేటికీ సాధారణ పాఠకుడి కోసం రాసే చరిత్రల్లో దానికి దక్కే చోటు మెమెస్కియాకు దక్కదు. ఇది అన్యాయం. 1991లో ఈ జాతుల చరిత్ర మీద రిచర్డ్ వైట్ పుస్తకం వచ్చాక పండితుల చూపు మారిన మాట నిజం. నాకు తృప్తి మాత్రం లేదు. స్థానిక నాయకుల మాటలు మనదాకా వచ్చింది ఫ్రెంచి దుబాసీల నోటి మీదుగానే, సెలొరాన్ కలం మీదుగానే. ఆ వడపోతను గుర్తుంచుకుని చదివినా, ఆయన దినచర్యలో పలకలకంటే సభల్లో సాగిన మాటలకే చోటెక్కువ.