గాజుతొట్టిలో సొరచేప: ఒక పెంపకపు చరిత్ర

ఉప్పునీరు నింపిన గాజుతొట్టిలో చిన్న సొరచేపలను ఇంట్లోనే పెంచడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో, ఐరోపాలో వ్యాపించిన అలవాటు. దానికి కావలసిన తెలివిడి మాత్రం అంతకు వందేళ్ల ముందు నుంచే కొద్దికొద్దిగా పోగవుతూ వచ్చింది. నీరు చెడిపోకుండా నిలపడం ఎలాగో తెలియాలి. తొట్టిలో ఇమిడే జాతి ఏదో తెలియాలి. మొదటి సంగతిని రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు తేల్చారు. రెండోది తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యానికి బలైనవి సొరపిల్లలే.

ప్రపంచ సముద్రాల్లో ఐదు వందలకు పైగా సొర జాతులున్నాయి. వాటిలో చాలా జాతులు మీటరు పొడవు దాటవు. అయితే పొడవు ఒక్కటే చూసి ఫలానా సొర తొట్టిలో బతుకుతుందని చెప్పలేం. నడిసముద్రంలో తిరిగే సొరల్లో చాలావాటికి ఎడతెగకుండా ఈదుతుంటేనే మొప్పల మీదుగా నీరు పారి ఊపిరి అందుతుంది. నాలుగు గోడల మధ్య వాటికి మలుపు తిరిగే చోటే ఉండదు. గాజుకు రాసుకున్న ముట్టె పుండుపడుతుంది, మేత ముట్టడం మానేస్తాయి. సముద్రపు అడుగున బతికే జాతుల తీరు వేరు. పగలంతా రాళ్ల సందుల్లో కదలకుండా పడుకుని, నోటి కండరాలతోనే నీటిని లోపలికి లాగి మొప్పల గుండా వదులుతాయి. చీకటి పడ్డాక మేతకు బయల్దేరతాయి. క్యాట్ షార్క్, బాంబూ షార్క్, ఎపలెట్ షార్క్, హార్న్ షార్క్ ఈ కోవలోవి. ఇంటి తొట్టెల్లో నిలదొక్కుకున్నవి చివరికి ఇవే.

తొలి తొట్టెలు

సముద్ర జీవులను గాజు వెనక ఉంచి గమనించిన తొలివారిలో జాన్ విల్‌ప్రో పవర్ ఒకరు. ఫ్రాన్సులో పుట్టి సిసిలీలో స్థిరపడిన ఈమె, 1832లో మెస్సీనాలో గాజుతొట్టెలు చేయించి ఆర్గోనాట్ అనే జలచరం పెంకును తానే కట్టుకుంటుందని రుజువు చేసింది. బ్రిటన్‌లో 1845లో గాజు మీద పన్ను ఎత్తివేయడంతో పెద్ద గాజు పలకలు చవకయ్యాయి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిసి ఒకే తొట్టిలో నీటిని చాలాకాలం నిలపగలవని చూపించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకం బ్రిటిష్ మధ్యతరగతి ఇళ్లలో తొట్టెల మోజు పుట్టించింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం లవణాలు కలిపి ఉప్పునీరు తయారుచేసే పద్ధతిని కూడా గాస్ 1854లోనే ప్రకటించాడు.

ఆ ఇళ్లలో పెరిగినవి ఎక్కువగా సముద్రపు పూలు, పీతలు, రొయ్యలు, చిన్న చేపలు. సొరకు అవసరమైనంత నీటిని ఇంట్లో శుభ్రంగా ఉంచే సాధనం అప్పటికి లేదు. ఆ కొరత తీర్చే మార్గం ప్రజా అక్వేరియంలలో మొదలైంది. లండన్‌లో సముద్ర జీవులు, తొట్టెలు అమ్మే దుకాణం నడిపిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, తర్వాత హాంబర్గ్ అక్వేరియం నిర్వహణ చూశాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియాన్ని తీర్చిదిద్దాడు. ప్రదర్శన తొట్టెల కింద వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి జలాశయం కట్టి, పంపులతో నీటిని నిరంతరం పైకీ కిందికీ తిప్పడం ఆయన పద్ధతి. 1872లో బ్రైటన్‌లో, 1874లో ఇటలీలోని నేపుల్స్‌లో అక్వేరియంలు తెరుచుకున్నాయి.

ఐరోపా తీరాల్లో మత్స్యకారుల వలల్లో విరివిగా పడే చిన్న చుక్కల క్యాట్ షార్క్ ఇలాంటి తొట్టెలకు బాగా అలవాటుపడింది. దాని గుడ్డు చిన్న తోలు సంచిలా ఉంటుంది. నాలుగు మూలల నుంచి సాగిన తీగలు సముద్రపు నాచుకు చుట్టుకుంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల పిండం కదలడం కనిపిస్తుంది. పిల్ల బయటకు రావడానికి నీటి చల్లదనాన్ని బట్టి ఎన్నో నెలలు పడుతుంది. ఫ్రాన్సిస్ బాల్ఫర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నేపుల్స్ పరిశోధన కేంద్రంలో ఇలాంటి గుడ్లను దశలవారీగా పరిశీలించి, 1878లో సొరల పిండాభివృద్ధి మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. సొర జీవితాన్ని గుడ్డు నుంచే తొట్టిలో మొదలుపెట్టవచ్చన్న సంగతి అలా అప్పటికే శాస్త్రానికి తెలిసింది. ఇళ్లలో సొరలు పెంచేవారికి అది చేరడానికి మరో వందేళ్లు పట్టింది.

నీటి లోపలి రహస్యం

తొట్టిలో చేపలు చావడానికి ప్రధాన కారణం అమ్మోనియా. చేపల విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. సొరల విషయంలో ఈ బెడద మరీ ఎక్కువ. అవి మాంసాహారులు, పైగా వాటి ఒంటి నుంచి వెలువడే యూరియాను సూక్ష్మజీవులు మళ్లీ అమ్మోనియాగా మారుస్తాయి.

ఈ విషానికి ప్రకృతిలోనే ఉన్న విరుగుడును మొదట పట్టుకున్నది మురుగునీటిని, పొలం మట్టిని పరిశీలించినవారు. అమ్మోనియా నైట్రేట్‌గా మారడం సూక్ష్మజీవుల పనేనని 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూన్‌జ్ నిరూపించారు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రాబర్ట్ వారింగ్టన్, ఈ మార్పు రెండు అంచెల్లో జరుగుతుందనీ, అంచెకొక రకం జీవులు పనిచేస్తాయనీ చూపాడు. ఈయన 1850లో చేపలతొట్టి ప్రయోగం చేసిన వారింగ్టన్ కొడుకే. తండ్రి తొట్టిలో కనిపించిన సమతుల్యానికి ఉన్న కారణాల్లో ఒకదాన్ని కొడుకు పొలం మట్టిలో వెతికి తీశాడన్నమాట. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ ఆ సూక్ష్మజీవులను విడిగా పెంచగలిగాడు.

ఈ జ్ఞానం అక్వేరియం పెంపకందారుల చేతికి తేటగా అందింది 1970లో. ఆ ఏడాది స్టీఫెన్ స్పాట్ రాసిన పుస్తకం, ఒకే నీరు తిరిగే తొట్టెల్లో ఇసుక, గులకరాళ్ల మీద పెరిగే బాక్టీరియాయే అసలు వడపోత అని వివరించింది. కొత్త తొట్టిని వారాల తరబడి ‘పండనిచ్చి’, బాక్టీరియా పెరిగాక మాత్రమే చేపను వదలాలన్న నియమం అప్పటి నుంచి స్థిరపడింది.

ఇళ్లలోకి రాక

యుద్ధానంతర కాలంలో వచ్చిన మరికొన్ని మార్పులు సముద్రాన్ని ఇళ్ల దాకా తెచ్చాయి. ప్లాస్టిక్ సంచిలో నీరు, ప్రాణవాయువు నింపి చేపలను విమానంలో పంపడం సులువైంది. పాత తొట్టెల లోహపు చట్రాలు ఉప్పునీటికి తుప్పుపట్టి నీటిని విషమయం చేసేవి. 1960లలో వచ్చిన సిలికోన్ జిగురు వల్ల చట్రం లేని గాజుతొట్టి సాధ్యమైంది. ప్యాకెట్లలో అమ్మే కృత్రిమ సముద్రపు ఉప్పు అదే దశకంలో బజారుకెక్కింది. నురుగుతో పాటు మలినాలను లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్‌కు జర్మనీలో రూపం వచ్చింది. ఇంట్లో ఉప్పునీటి తొట్టి నడిపే పద్ధతుల మీద అమెరికాలో రాబర్ట్ స్ట్రాన్ 1959లో ప్రచురించిన పుస్తకం ఎందరికో దారి చూపింది.

పగడపు దిబ్బల రంగురంగుల చేపలతో మొదలైన ఈ వేడుకలోకి సొరపిల్లలూ వచ్చి చేరాయి. అప్పుడు బజారులో దొరికినవి పెంపకానికి తగినవి కావు. తీరంలో తేలిగ్గా పట్టుబడినవి. ఫ్లోరిడా, కరీబియన్ జలాల నర్స్ షార్క్ పిల్ల పుట్టినప్పుడు దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది. దుకాణంలో చూడముచ్చటగా కనిపిస్తుంది, దొరికినదంతా తింటుంది, గట్టి ప్రాణి. పెరిగాక రెండున్నర, మూడు మీటర్లకు చేరుతుంది. కాలిఫోర్నియా తీరపు లెపర్డ్ షార్క్ సుమారు 20 సెంటీమీటర్ల పిల్లగా పుట్టి మీటరున్నరకు ఎదుగుతుంది. చల్లటి నీరు లేకపోతే దాని ఆరోగ్యం నిలవదు. వీటిని కొన్నవారిలో చాలామంది ఒకటి రెండేళ్లలోనే దిక్కుతోచని స్థితిలో పడ్డారు. పెరిగిన సొరలను తీసుకొమ్మని ప్రజా అక్వేరియంలను అడగడం మామూలైంది. ఆ అక్వేరియంలలోనూ చోటు పరిమితమే.

కొనేవారు ఉన్నంతకాలం పట్టేవారూ ఉంటారు. లెపర్డ్ షార్క్ నెమ్మదిగా ఎదిగే జాతి. ఆడది తొలికాన్పుకు రావడానికి పదేళ్లు పడుతుంది. పిల్లలను పట్టేస్తే ఆ జాతి తిరిగి పుంజుకోలేదు. అందుకే కాలిఫోర్నియా ప్రభుత్వం 1990లలో 36 అంగుళాల కన్నా చిన్న లెపర్డ్ షార్క్‌లను పట్టడం నిషేధించింది. అయినా శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో దొంగచాటుగా పిల్లలను పట్టి అమెరికాలోనూ, ఐరోపాలోనూ అక్వేరియం వ్యాపారులకు అమ్మిన ముఠా బయటపడింది. 2007లో నిందితులకు న్యాయస్థానం శిక్షలు వేసింది.

గుడ్డుతో మొదలు

ఈ చేదు అనుభవాలు పెంపకందారుల చూపును సరైన జాతుల వైపు తిప్పాయి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ జలాల నుంచి వచ్చే తెల్లచుక్కల బాంబూ షార్క్, గోధుమచారల బాంబూ షార్క్ పెరిగినా మీటరుకు అటూ ఇటూ ఉంటాయి. పగడపు క్యాట్ షార్క్ 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని ఎపలెట్ షార్క్ ఆటుపోట్ల మడుగుల్లో బతికే జీవి. రాత్రివేళ ఆ మడుగుల్లో ప్రాణవాయువు బాగా తగ్గిపోయినా తట్టుకుంటుంది, రెక్కలనే కాళ్లుగా ఊని పగడాల మీద పాకుతుంది. ఇరుకు చోటును, నీటి ఒడుదొడుకులను ప్రకృతే దానికి అలవాటు చేసింది.

వీటన్నిటి గుడ్లూ తొట్టిలోనే పొదుగుతాయి. బాంబూ, ఎపలెట్ షార్క్ గుడ్ల నుంచి నాలుగైదు నెలల్లో జానెడు లోపు పిల్ల బయటికొస్తుంది. సముద్రంలో పుట్టి పెరిగిన పిల్ల వలలో, రవాణాలో దెబ్బతిని, చనిపోయిన మేతను ముట్టక క్షీణించేది. తొట్టిలో పుట్టిన పిల్లకు ఆ బాధలు లేవు. గాజుగోడ, మనిషి చేతి మేత మొదటి రోజు నుంచే దాని లోకం. ఇళ్లలోనూ, ప్రజా అక్వేరియంలలోనూ జంటలు గుడ్లు పెట్టడం మొదలయ్యాక, సముద్రం నుంచి పిల్లను పట్టే అవసరం ఈ జాతుల్లో తగ్గుతూ వచ్చింది. స్కాట్ మైకేల్ 2001లో అక్వేరియం సొరలు, టెంకిచేపల మీద ప్రచురించిన పుస్తకం, ఏ జాతిని ఇంట్లో పెంచవచ్చో, ఏది అసలు కొనకూడదో విడమరిచి చెప్పింది.

పోషణలోని మెలకువలు కూడా అనుభవం మీదే తెలిశాయి. ఎదిగిన బాంబూ షార్క్‌కు సుమారు వెయ్యి లీటర్ల నీరు కావాలి. తొట్టి ఎత్తు కన్నా నేల వైశాల్యం ముఖ్యం. గరుకు రాళ్లు పొట్టను గీరుతాయి కాబట్టి అడుగున మెత్తటి ఇసుక పరచాలి. ఇతర చేపల జబ్బులకు వాడే రాగి మందులు సొరలకు ప్రాణాంతకం. ముట్టె మీది సూక్ష్మ రంధ్రాలతో అతి బలహీనమైన విద్యుత్తును కూడా పసిగడతాయి గనుక, హీటరు నుంచో పంపు నుంచో నీటిలోకి కరెంటు లీకైతే బెదిరిపోతాయి. నీటిలో నైట్రేట్ పేరుకుంటే శరీరానికి అయోడిన్ పట్టక గొంతు కింద గాయిటర్ వాపు వస్తుంది. నీటిని తరచూ మార్చడం, మేతలో అయోడిన్, విటమిన్లు కలపడం దీనికి మందు.

తొట్టెలు తిరిగి శాస్త్రానికీ ఉపకరించాయి. 2002లో అమెరికా డెట్రాయిట్‌లోని బెల్ ఐల్ అక్వేరియంలో, మగదాని తోడు లేకుండా ఏళ్ల తరబడి ఉన్న తెల్లచుక్కల బాంబూ షార్క్ పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు పుట్టాయి. అవి తల్లి నుంచి మాత్రమే పుట్టినవని తర్వాత జన్యు పరీక్షలు ధ్రువీకరించాయి. 2018లో జపాన్‌లోని రైకెన్ సంస్థ శాస్త్రజ్ఞులు గోధుమచారల బాంబూ షార్క్ జన్యుక్రమాన్ని వెల్లడించారు.

భారత తీరం

భారతదేశంలో సముద్ర జీవుల అక్వేరియం 1909లో మద్రాసు మెరీనా తీరాన మొదలైంది. కోస్తాంధ్ర అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అంతకు వందేళ్ల ముందే, 1803లో, పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను స్థానిక పేర్లతో లండన్‌లో అచ్చువేశాడు. అందులో సొరలూ ఉన్నాయి. బాంబూ షార్క్ కుటుంబానికి చెందిన బూడిదరంగు జాతి ఇప్పటికీ భారత తీరాల్లో వలలకు చిక్కుతుంది.

మన నగరాల్లో అక్వేరియం దుకాణాలు ‘షార్క్’ పేరుతో అమ్మేవి మాత్రం చాలావరకు సొరలే కావు. ‘ఇరిడిసెంట్ షార్క్’ అనేది కోస్తా జిల్లాల చెరువుల్లో రైతులు పెంచే పంగాసియస్. మంచినీటి జాతి, మీటరు దాటి ఎదుగుతుంది. వేలెడు పిల్లను చిన్న తొట్టిలో వేసినవారికి ఎదురయ్యే ఇబ్బంది, నర్స్ షార్క్ కొన్నవారు పడినదే.

గుడ్డు నుంచి పెంచే విద్య ఇప్పుడు సముద్రానికీ అక్కరకొస్తోంది. ఇండోనేషియాలోని రాజా అంపట్ దీవుల చుట్టూ జీబ్రా షార్క్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. ఆస్ట్రేలియా వంటి చోట్ల ప్రజా అక్వేరియంలలో పెట్టిన గుడ్లను అక్కడికి తరలించి, పొదిగించి, పిల్లలను సాకి, 2023 జనవరిలో తొలి పిల్లలను సముద్రంలోకి వదిలారు. రెండు మీటర్లు దాటే జీబ్రా షార్క్ ఇంటి తొట్టికి తగినది కాదు. గుడ్డును రవాణా చేయడం, పొదిగించడం, పిల్లకు తొలి మేత అలవాటు చేయడం మాత్రం చిన్న సొరలను పెంచేవారు చేసే పనుల వంటివే. ఇంట్లో సొరను పెంచదలచినవారికి ఈ చరిత్ర చెప్పేది సూటిగా ఉంది: ఎదిగిన సొర కొలతను బట్టి తొట్టి కట్టాలి, నీరు పండేదాకా ఆగాలి, సముద్రంలో పట్టిన పిల్లను కాక తొట్టిలో పొదిగిన పిల్లనే తెచ్చుకోవాలి.